పోర్న్‌లో స్త్రీ వస్తువవుతుందా? ఏది కొలవాలి, ఎక్కడ చూడాలి

కృష్ణాతీరం
పోర్న్ ఆడవాళ్లని వస్తువుగా మారుస్తుందా అన్న మాట ఎక్కడ లేచినా పది నిమిషాల్లో రెండు ముక్కలైపోతోంది. ఒకరు "నిషేధించాలి" అంటారు, ఇంకొకరు "ఎవరిష్టం వాళ్లది" అంటారు. అసలు వస్తువుగా మార్చడం అంటే ఏం జరగాలి? దాన్ని ఎక్కడ వెతకాలి, తెర మీదా, షూటింగ్ జరిగిన గదిలోనా, చూసేవాడి బుర్రలోనా? ఈ ప్రశ్న దగ్గర ఎవరూ ఆగట్లేదు. మా అధ్యయన బృందంలో వచ్చే నెల ఇదే అంశం. నినాదాలు వద్దు, పట్టుకుని వాదించగలిగే సరుకు కావాలి.

తర్కపుతాడు
అమెరికా తత్వవేత్త మార్తా నుస్‌బామ్ 1995లో రాసిన వ్యాసం నుంచి మొదలుపెట్టండి. మనిషిని వస్తువులా చూడటాన్ని ఆమె ఏడు ముక్కలు చేసింది. మన అవసరానికి పనిముట్టుగా వాడుకోవడం. సొంత నిర్ణయం అనేదే లేనట్టు చూడటం. తనంతట తాను ఏమీ చేయలేని జడంలా చూడటం. ఈమె కాకపోతే ఇంకొకామె, ఎవరైనా ఒకటే అనుకోవడం. హద్దులు లేవు, ఎంతైనా చొరబడొచ్చు అనుకోవడం. కొనొచ్చు, అమ్మొచ్చు అనుకోవడం. ఆమెకేం అనిపిస్తోందన్నది లెక్కలోకే తీసుకోకపోవడం. తర్వాత ఇంకో తత్వవేత్త రే లాంగ్టన్ మరో మూడు చేర్చింది: మనిషిని ఒంటికి కుదించడం, రూపానికి కుదించడం, నోరు లేనట్టు చూడటం.

ఇందులో జనం వదిలేసే సంగతి ఒకటుంది. ఈ ఏడూ ప్రతిసారీ తప్పేనని నుస్‌బామ్ అనలేదు. ప్రేమించినవాడి పొట్ట మీద తల పెట్టుకుని పడుకుంటే ఆ క్షణానికి అతను తలగడే. మిగతా సమయమంతా అతన్ని మనిషిగా చూస్తున్నప్పుడు అందులో హాని లేదు. అందుకే "వస్తువుగా చూపించారు" అని ఆగిపోతే వాదన సగంలోనే ఉన్నట్టు. ఏడింట్లో ఏది, ఎలాంటి సంబంధంలో అన్నది కూడా చెప్పాలి.

ఓరుగల్లు_సుక్క
మంచిగ చెప్పిన్రు. మరి ఆ ఏడిట్ల పోర్న్‌ల అన్నిటికన్న గట్టిగ కనవడేది ఏది?

తర్కపుతాడు
నా లెక్కలో నాలుగోది, ఎవరైనా ఒకటే అన్నది. దానికి వీడియో కూడా చూడక్కర్లేదు, సైటు అమరిక చాలు. మనుషుల్ని వయసు, జుట్టు రంగు, ఒంటి కొలత, జాతి పేరు మీద అరల్లో సర్దుతారు. మన దగ్గరికొచ్చేసరికి ఆ అరల పేర్లు ఆంటీ, వదిన, పనిమనిషి. దొంగ కాపీల్లో నటి పేరు తీసేసి ఈ వరస మాత్రం ఉంచుతారు. పేరు పోయాక డబ్బు అడగడానికీ, తీసేయమనడానికీ ఆమెకి పట్టు దొరకదు.

సంఖ్యలలత
అంకెలు కావాలంటే రెండు అధ్యయనాలు పక్కపక్కన పెట్టి చూడండి. 2010లో ఆనా బ్రిడ్జెస్ బృందం బాగా అమ్ముడుపోయిన సినిమాల నుంచి 304 దృశ్యాలు తీసి చూస్తే 88.2 శాతంలో శారీరక దూకుడు ఉంది. దాని గురి దాదాపు ఎప్పుడూ స్త్రీయే. 2005లో ఆస్ట్రేలియాలో అలన్ మెకీ అక్కడ ఎక్కువ అమ్ముడైన 50 వీడియోల్లో 838 దృశ్యాలు లెక్కిస్తే హింస ఉన్నవి 1.9 శాతం.

ఓరుగల్లు_సుక్క
88 ఏడ, 1.9 ఏడ! ఒక్క దాని గురించే చెప్తున్నరా ఇద్దరు?

సంఖ్యలలత
కొలబద్ద వేరు. బ్రిడ్జెస్ బృందం పిరుదు మీద చరిచినా దూకుడు కిందే రాసుకుంది, ఎదుటిమనిషి వద్దన్నదా లేదా అని చూడలేదు. మెకీ మాత్రం ఇద్దరి సమ్మతితో జరిగినట్టు కనిపించేదాన్ని హింస ఖాతాలోంచి తీసేశాడు. బ్రిడ్జెస్ లెక్కలోనే 95 శాతం పైగా సందర్భాల్లో ఆ దెబ్బ తగిలినవాళ్లు ఇష్టంగా ఉన్నట్టో ఏమీ పట్టనట్టో కనిపించారు. మెకీ నిర్వచనం పెడితే ఆ దృశ్యాల్లో చాలా భాగం రాలిపోతుంది.

మీ బృందం ఏ అధ్యయనం తెచ్చినా నాలుగు ప్రశ్నలు అడగండి. లెక్కించింది దృశ్యాన్నా, మొత్తం వీడియోనా? ఎంపిక ఎక్కువమంది చూసినవాటిదా, చీటీ తీసినట్టు యాదృచ్ఛికమా? నిర్వచనంలో సమ్మతి ఉందా? ఇద్దరు వేర్వేరుగా గుర్తులు పెట్టి సరిపోల్చారా, ఆ పొంతన విలువ ఎంత? నాలుగోది లేకపోతే అది ఒకరి అభిప్రాయానికి శాతం గుర్తు తగిలించినట్టే.

వెన్నెలపేట
లత గారూ, ఆ 95 శాతాన్ని మీరు ఊరట కింద చదువుతున్నట్టుంది. నాకు అదే అసలు నేరం. దెబ్బ కొడితే ఆమె నవ్వింది, కొట్టినా బాగానే ఉంటుంది అని చూసేవాడికి నేర్పుతున్నది ఆ నవ్వే. తర్కపుతాడు గారు చెప్పిన ఏడోది, ఆమెకేమనిపిస్తోందో లెక్కలోకి రాకపోవడం, ఇంకా లోతుగా జరిగేది ఇక్కడే. ఆమె అనుభవాన్ని దాచడం లేదు, దాని స్థానంలో ఇంకో అనుభవం రాసి పెడుతున్నారు. ఆమె "వద్దు" అన్నా అది వద్దులా వినపడని స్థితి వస్తుందని లాంగ్టన్ 1993లోనే వాదించింది. సమ్మతి కనపడిందని హింస ఖాతాలోంచి తీసేస్తే ఈ సంగతంతా లెక్కలోంచి జారిపోతుంది.

సంఖ్యలలత
ఊరట కింద చదవలేదండీ, తేడా ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాను. మీ వాదన సరైనదే కావచ్చు. అయితే అది దృశ్యాల్ని లెక్కపెట్టి తేల్చేది కాదు. చూసినవాళ్లలో ఏం మారిందో విడిగా కొలవాలి.

రెండోవైపు
ఇంకో సంగతి కూడా చర్చలోకి రావాలి. క్లాసెన్, పీటర్ అనే పరిశోధకులు 2015లో నాలుగు పెద్ద సైట్ల నుంచి 400 వీడియోలు చూశారు. పనిముట్టుగా వాడటం, అంటే ఒంటి భాగాలకి దగ్గరగా కెమెరా పెట్టడం, సుఖం మగవాడి వైపే మొగ్గడం, ఇవి స్త్రీల విషయంలో ఎక్కువ. మనిషితనం తీసేయడం మాత్రం మగవాళ్ల విషయంలో ఎక్కువని తేలింది, వాళ్ల మొహాలు తెర మీద అరుదుగా కనిపిస్తాయి కాబట్టి. స్త్రీ ఒక్కతే వస్తువు అన్న మాట దీనితో కొంచెం సడలుతుంది.

వెన్నెలపేట
మగవాడి మొహం ఎందుకు చూపించరో చెప్పండి. ఆ ఖాళీలో చూసేవాడు తనని తాను పెట్టుకోవాలి. కెమెరా అతని కళ్ల ఎత్తులో పెట్టేది అందుకే. మొహం లేనివాడు అక్కడ చూసేవాడి ప్రతినిధి. రెండింటినీ ఒకే మాటతో కొలిస్తే అంకె వస్తుంది, అర్థం తప్పిపోతుంది.

రెండోవైపు
కెమెరా సంగతి ఒప్పుకుంటాను. కానీ అప్పుడు మీ అభ్యంతరం నగ్నత్వం మీదా కాదు, శృంగారం మీదా కాదు, కెమెరా నిలబడిన చోటు మీద. దాన్ని మార్చి తీసేవాళ్లు ఉన్నారు. "పోర్న్" అని గుత్తగా అనడం ఆపాలి మనం.

వెన్నెలపేట
ఉన్నారు, కానీ సైటు మొదటి పేజీలో ఉండేది వాళ్లు కాదు.

ల్యాబుబల్ల
చూసేవాడి బుర్ర గురించి ఇంకా ఎవరూ రాయలేదు కాబట్టి ఒక ప్రయోగం చెప్తాను. మనిషి బొమ్మ తలకిందులైతే గుర్తుపట్టడం కష్టం. ఇల్లు, కుర్చీ లాంటివి తలకిందులైనా పెద్ద తేడా ఉండదు. మనిషిని మెదడు మొత్తంగా చూస్తుంది, వస్తువుని ముక్కలుగా చూస్తుంది కాబట్టి ఇలా అవుతుందని వివరణ. 2012లో ఫిలిప్ బెర్నార్డ్ బృందం లోదుస్తుల్లో ఉన్న ఆడ, మగ ఫొటోలతో ఇదే పరీక్ష పెట్టింది. పురుషుల ఫొటో తిరగేస్తే గుర్తింపు పడిపోయింది, స్త్రీల ఫొటో తిరగేస్తే పడిపోలేదు. స్త్రీ శరీరాన్ని మెదడు వస్తువులా చూస్తోందని పత్రికలన్నీ రాశాయి. చూసినవాళ్లలో ఆడవాళ్ల ఫలితం కూడా అదే.

2015లో ష్మిట్, కిస్టెమేకర్ ఆ ఫొటోలే తీసుకుని వెతికితే ఇంకోటి బయటపడింది. స్త్రీల ఫొటోల్లో భంగిమలు ఒక పక్కకి వంగి ఉన్నాయి, పురుషుల ఫొటోలు కుడి ఎడమ సమానంగా ఉన్నాయి. వంకర ఉన్న బొమ్మని తలకిందులుగానూ గుర్తుపట్టొచ్చు. ఆ తేడాని సరిచేస్తే మొదటి ఫలితం నిలవలేదు. వేదిక మీద మొదటి సగం చెప్పి కూర్చుంటే ఎదుటి జట్టు రెండో సగంతో పడగొడుతుంది, జాగ్రత్త.

వీటికన్నా నాకు నచ్చేది 2011 నాటి కర్ట్ గ్రే బృందం పని. ఒళ్లు ఎక్కువ కనిపించే ఫొటో చూపిస్తే, ఆ మనిషికి ఆలోచించే, నిర్ణయించే శక్తి తక్కువని జనం అంచనా వేశారు. నొప్పి, సుఖం, భయం తెలిసే శక్తి మాత్రం ఎక్కువని అనుకున్నారు. మనిషి రాయిలా మారిపోవడం కాదిది. అనుభూతి ఉంటుంది కానీ నిర్ణయం ఉండదని చూస్తారు. ఆడ, మగ ఇద్దరి ఫొటోలకీ ఇది కనిపించింది.

తర్కపుతాడు
ఈ చివరిది పెద్ద మాట. అంటే ఏడింట్లో రెండోది పెరుగుతుంది, ఏడోది తగ్గుతుంది. అన్నీ కట్టగట్టుకుని వస్తాయనుకునేవాళ్లకి ఇది చూపించాలి.

కృష్ణాతీరం
చూసినవాళ్లు బయట హింసకి దిగుతారా అన్నదాని మీద?

సంఖ్యలలత
తేలలేదు. 2016లో రైట్, టోకునాగా, క్రౌస్ 7 దేశాల 22 అధ్యయనాలు కలిపి చూస్తే వాడకానికీ లైంగిక దూకుడుకీ సంబంధం కనిపించింది. తర్వాత ఫెర్గూసన్, హార్ట్లీ అదే రకం పని చేసి, పద్ధతి గట్టిగా ఉన్న అధ్యయనాల్లో ఆ సంబంధం బలహీనపడుతోందన్నారు. మనస్తత్వ పరిశోధకుడు నీల్ మలమత్ దారి ఈ రెంటికీ మధ్యది: అప్పటికే స్త్రీల మీద పగ, ఆధిపత్యపు ఆలోచన ఉన్న మగవాళ్లలో హింసాత్మక పోర్న్ ప్రమాదాన్ని పెంచుతుంది, మిగతావాళ్లలో ఆ ప్రభావం అంతగా కనపడదు. కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం అయిపోదని మాత్రం మీ బృందంలో ముందే చెప్పేయండి.

నల్లకోటు
చట్టం సంగతి నేను చెప్తా. ఈ వాదనని నేరుగా చట్టంలో రాసిన ప్రయత్నం అమెరికాలోది. 1983లో మిన్నియాపొలిస్ నగరం కోసం స్త్రీవాద రచయిత్రి ఆండ్రియా డ్వార్కిన్, న్యాయవాది క్యాథరిన్ మెకినన్ ఒక ముసాయిదా రాశారు. జైలు లేదు, పోలీసులు లేరు. పోర్న్ వల్ల హాని జరిగిన స్త్రీ తనే సివిల్ దావా వేయొచ్చు. అశ్లీలం అన్న మాటే లేదు, స్త్రీని అణగదొక్కి చూపడం అన్నది నిర్వచనం. నగర మండలి ఒప్పుకుంది, మేయర్ వీటో చేశాడు. 1984లో ఇండియానాపొలిస్ అలాంటిదే తెస్తే 1985లో అప్పీల్ కోర్టు కొట్టేసింది, 1986లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని ఖాయం చేసింది. అప్పీల్ కోర్టు తీర్పు రాసిన జడ్జి ఈస్టర్‌బ్రూక్ అణచివేతని చూపే బొమ్మలు అణచివేతని కొనసాగిస్తాయన్న మాటని కాదనలేదు. అయితే అది ఆ మాటకున్న బలాన్ని చూపిస్తుంది, బలమున్న మాటకీ రక్షణ ఉంటుంది అన్నాడు. హాని లేదని కోర్టు చెప్పిందని ఎవరైనా అంటే నమ్మొద్దు.

రెండోవైపు
కెనడా సంగతీ చెప్పాలి. 1992లో బట్లర్ తీర్పులో అక్కడి సుప్రీంకోర్టు స్త్రీలకి హాని అన్న వాదన ఒప్పుకుంది. ఆ తర్వాత కూడా వాంకూవర్‌లో లిటిల్ సిస్టర్స్ అనే స్వలింగ సంపర్కుల పుస్తకాల షాపు తెప్పించుకునే పుస్తకాల్ని కస్టమ్స్ వాళ్లు వరసగా ఆపుతూ పోయారు. ఆ షాపు పట్ల వివక్ష జరిగిందని 2000లో అదే కోర్టు అనాల్సివచ్చింది. ఆయుధం ఇచ్చాక అది ఎవరి మీదికి తిరుగుతుందో రాసినవాళ్ల చేతిలో ఉండదు.

మన దగ్గర చూడండి. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో మళ్లీ అచ్చువేయిస్తే అశ్లీలమని ప్రతులు పట్టుకెళ్లారు. ప్రకాశం పంతులు ప్రభుత్వం వచ్చేదాకా నిషేధం పోలేదు. రాసింది ఆడమనిషి, వేయించింది ఆడమనిషి. కావ్యంలో రాధ కోరిక రాధదే, అక్కడ ఎవరూ వస్తువు కాదు. మగకవుల శృంగార ప్రబంధాలు మాత్రం పాఠాల్లో నడుస్తూనే ఉన్నాయి. 1990ల్లో స్త్రీవాద కవులు సొంత ఒంటి గురించి రాస్తే "నీలి కవితలు" అని ముద్ర వేసిందీ మన విమర్శకులే.

వెన్నెలపేట
ఆ రెండు ఉదాహరణలతో నాకు పేచీ లేదు. అవి నీతి పేరుతో చేసిన పనులు. నేనడిగేది స్త్రీకి జరిగే హాని గురించి. డ్వార్కిన్ ముసాయిదా ఫిర్యాదు హక్కుని స్త్రీ చేతికిచ్చింది, కస్టమ్స్ అధికారికి కాదు. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

నల్లకోటు
మన చట్టాల్లో ఆ గాట ఒకటే కావడమే అసలు ఇబ్బంది. 1986 నాటి స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం నిర్వచనం చూడండి. స్త్రీని కించపరిచేది అనీ ఉంది, వెంటనే "లేదా" అని ప్రజల నీతిని చెడగొట్టేది అనీ ఉంది. ఐటీ చట్టం 67, 67ఏ సెక్షన్లలో సమ్మతి ఊసే లేదు. 67ఏ కింద లైంగిక చర్య ఉన్నది ఆన్‌లైన్‌లో ప్రచురించినా, పంపినా మొదటిసారి 5 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. ఇష్టపూర్వకంగా తీసి పెట్టినదీ, దొంగతనంగా లీక్ చేసినదీ ఆ సెక్షన్‌కి ఒకటే. మోసపోయిన అమ్మాయి తనే పంపిన ఫొటో అయితే స్టేషన్‌కి రావడానికి జంకేది ఇందుకే.

సమ్మతిని పట్టించుకునేవి రెండు. ఐటీ చట్టం 66ఈ ఒకటి, సమ్మతి లేకుండా ఒంటి రహస్య భాగాల బొమ్మ తీయడం, పంచడం మీద. భారతీయ న్యాయ సంహిత 77 ఇంకోటి, స్త్రీని ఏకాంతంలో చాటుగా చూడటం, తీయడం, పంచడం మీద; పాత ఐపీసీలో ఇది 354సీ. 77కి ఉన్న వివరణ చదివి తీరాలి: తీయడానికి ఒప్పుకుని, పంచడానికి ఒప్పుకోకపోతే, పంచడం నేరమే. మొదటిసారి 1 నుంచి 3 ఏళ్లు, మళ్లీ చేస్తే 3 నుంచి 7 ఏళ్లు. "నువ్వే కదా తీసుకోనిచ్చావ్" అనేవాళ్ల నోటికి తాళం ఇది.

ఓరుగల్లు_సుక్క
ఇంట్ల ఒక్కడే కూసోని చూస్తె నేరమా?

నల్లకోటు
పెద్దవాళ్లు నటించినది ఒంటరిగా చూస్తే కాదు, 2023లో కేరళ హైకోర్టు కూడా అదే చెప్పింది. పిల్లలు ఉన్నదైతే సంగతి పూర్తిగా వేరు. చూడటం, దాచుకోవడం కూడా నేరం. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పి, "చైల్డ్ పోర్నోగ్రఫీ" అన్న పేరే వాడొద్దంది, అది పిల్లల మీద జరిగిన లైంగిక దోపిడీకి, హింసకి సాక్ష్యం కాబట్టి.

సెట్టుపని
షూటింగ్ గది గురించి. సమ్మతి కాగితం ఉంది కదా అంటారు. ఏ కాగితం అన్నది చూడాలి. సరైన పద్ధతిలో ఏ పనికి ఒప్పుకుంది, దేనికి ఒప్పుకోలేదు అన్నది షూటింగ్‌కి ముందే విడివిడిగా రాస్తారు. వయసు రుజువు తీసుకుంటారు, అమెరికాలో 2257 సెక్షన్ కింద ఆ రికార్డు దాచడం తప్పనిసరి. ఆపమంటే ఆపడానికి ఒక మాట అనుకుంటారు. ఆపినా డబ్బు పోదని ముందే రాసుకోవాలి. పని పూర్తయ్యాకే డబ్బు అంటే మధ్యలో "వద్దు" అనే హక్కు కాగితం మీదే మిగులుతుంది. ఎక్కడ చూపిస్తారు, ఎన్నాళ్లు, ఎవరికి అమ్మొచ్చు అన్నది కూడా ఉండాలి. ఎక్కువగా తప్పేది అక్కడే.

శాన్ డియాగోలో గర్ల్స్ డూ పోర్న్ కేసు చదవండి. వీడియోలు దూరదేశంలో డీవీడీలుగా మాత్రమే అమ్ముతాం, ఇంటర్నెట్‌లో పెట్టం అని చెప్పి తీసి, ఇంటర్నెట్‌లోనే పెట్టారు. సంతకాలు ఉన్నాయి, అయినా 2020 జనవరిలో 22 మంది స్త్రీలు గెలిచారు. దాదాపు 1.27 కోట్ల డాలర్ల పరిహారంతో పాటు వీడియోల మీద హక్కులు కూడా వాళ్లకే ఇవ్వమంది కోర్టు. నుస్‌బామ్ జాబితాలో ఆరోది, కొనడం అమ్మడం, తిరగబడిన సందర్భం ఇది.

వెన్నెలపేట
కాగితం బాగున్నంత మాత్రాన చూసేవాడి చూపు మారదు సెట్టుపని గారూ. నటి పూర్తి ఇష్టంతో చేసిన వీడియో కూడా ఆడవాళ్లందరి గురించీ ఒక మాట చెప్తుంది. ఆ మాట పడేది సంతకం పెట్టని ఆడవాళ్ల మీద.

సెట్టుపని
నిజమే, సంతకం ఆ పని చేయలేదు. కానీ చూపు మారేదాకా సెట్టు మీద ఉన్నామెను వదిలేయలేం. 2020 డిసెంబరులో వీసా, మాస్టర్‌కార్డ్ కార్డు చెల్లింపులు ఆపేస్తే పోర్న్‌హబ్ కొద్దిరోజుల్లో గుర్తింపు లేని ఖాతాల వీడియోలు సుమారు కోటి తీసేసింది. ఏళ్ల తరబడి బాధితులు మొత్తుకుంటే జరగని పని అది. 2021 అక్టోబరు నుంచి మాస్టర్‌కార్డ్ నియమం ఏమిటంటే, కనిపించే ప్రతి మనిషి గుర్తింపు, రాతపూర్వక సమ్మతి ఉండాలి, పెట్టేముందే పరిశీలించాలి, ఫిర్యాదు వస్తే 7 పనిదినాల్లో తేల్చాలి.

రెండోవైపు
బ్యాంకుల నుంచి అలాంటి ఒత్తిడే వస్తే 2021 ఆగస్టులో ఓన్లీఫ్యాన్స్ అనే చందా సైటు లైంగిక వీడియోలన్నీ ఆపేస్తామని ప్రకటించి వారంలోపే వెనక్కి తీసుకుంది. 20 శాతం సైటుకి పోను మిగతాది తమ చేతికొచ్చే స్త్రీలు ఆ వారం రోజులూ గాల్లో ఉన్నారు. తమ వీడియో తామే తీసి, ధర తామే పెట్టేవాళ్లకి ముందు దెబ్బ తగిలింది. ఎవరి కోసం చేస్తున్నామో వాళ్లని అడక్కుండా చేస్తే ఇలాగే అవుతుంది.

ఓరుగల్లు_సుక్క
డీప్‌ఫేక్ ముచ్చట ఎవ్వరు తియ్యలే. 2023 నవంబర్ల రష్మిక మొహం పెట్టిన వీడియో వచ్చె కదా. 2024 జనవరిల ఢిల్లీ పోలీసులు అది చేసినోన్ని గుంటూరు నుంచి పట్టుకొచ్చిన్రు, ఫ్యాన్ పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేసిండంట. దేశమంత మొహం గురించే మాట్లాడింది. కింద ఉన్న ఒళ్లు ఇంకో ఆడమనిషిది, ఆమె సొంత వీడియో. ఆమెను ఎవరు అడిగిన్రు? తర్కపుతాడు సార్ చెప్పిన నాలుగోది ఇదేగద, ఎవరి ఒళ్లయితే ఏంది అన్నట్టు.

తర్కపుతాడు
సరిగ్గా అదే. నేనిచ్చిన ఉదాహరణ కంటే ఇది బలమైనది. ఒకరి మొహం, ఒకరి ఒళ్లు, ఇద్దరి సమ్మతీ లేదు.

కృష్ణాతీరం
చర్చకి సరుకు దొరికింది. చివరి అరగంట ఆచరణకి ఉంచుతున్నాం. ఎవరిదైనా వీడియో బయటికి వస్తే మొదటి రోజు ఏం చేయాలో వరసగా చెప్పగలరా?

నల్లకోటు
ముందు ఏదీ చెరిపేయొద్దు. కోపంలో చాట్ మొత్తం తీసేస్తారు, కేసు అక్కడే సన్నగిల్లుతుంది. లింకు పూర్తిగా కాపీ చేసుకోండి. తేదీ, టైము, ఖాతా పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. వీడియోని సాక్ష్యం అని ఫ్రెండ్స్‌కి, వాట్సాప్ గ్రూపుకి పంపొద్దు, పంపిన మీరే 67ఏ కిందికి వస్తారు.

తర్వాత ఆ సైటులో ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్ అధికారికి రాయండి. నగ్నత్వం, లైంగిక చర్య, మార్ఫింగ్ ఉన్నవాటిని ఫిర్యాదు అందిన 24 గంటల్లో తీయాలని 2021 ఐటీ నిబంధనలు మొదట పెట్టాయి, 2026 ఫిబ్రవరి సవరణ దాన్ని 2 గంటలకి తగ్గించింది. గడువుల్లో తాజా సవరణలు చూసుకుని రాయండి. బాధితురాలి తరఫున వేరేవాళ్లు కూడా ఇవ్వొచ్చు, ఆమె రాసే స్థితిలో లేకపోతే అక్కయ్యో స్నేహితురాలో రాయొచ్చు. సైటు పట్టించుకోకపోతే గ్రీవెన్స్ అప్పీల్ కమిటీకి 30 రోజుల్లోపు వెళ్లాలి.

జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో స్త్రీలు, పిల్లల విభాగంలో ఫిర్యాదు పెట్టి నంబరు దాచుకోండి. పేరు చెప్పకుండా ఇచ్చే దారి ఉంది, కానీ అది ఎంతవరకు వచ్చిందో తర్వాత చూసుకోలేరు. డబ్బు కోసం బెదిరిస్తుంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చేయండి. డబ్బు మాత్రం పంపొద్దు, ఒకసారి పంపితే మళ్లీ అడుగుతారు. ఏ స్టేషన్‌కైనా వెళ్లొచ్చు, మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ రాయమనండి. ఫిర్యాదులో 66ఈ, 77 సెక్షన్లు పేరు పెట్టి రాయండి, "నా సమ్మతి లేకుండా పంచారు" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. శిక్షలు పడవనుకోకండి, 2018లో పశ్చిమ బెంగాల్లోని తమ్లుక్ కోర్టు ఇలాంటి కేసులో 5 ఏళ్లు వేసింది.

హ్యాష్‌గుట్ట
దీనికి ఒకటి కలుపుతా. స్టాప్ఎన్‌సీఐఐ అని 2021 డిసెంబరు నుంచి ఒక ఉచిత సేవ ఉంది, 18 దాటినవాళ్లకి. ఫొటో ఎవరికీ పంపనక్కర్లేదు. మీ ఫోన్లోనే దానికి హ్యాష్, అంటే వేలిముద్ర లాంటి ఒక అంకెల గుర్తు, తయారవుతుంది, అది ఒక్కటే బయటికి వెళ్తుంది. చేరిన కంపెనీలు దాంతో సరిపోల్చి తీసేస్తాయి. 18 లోపువాళ్లకి అమెరికాలో పిల్లల రక్షణకి పనిచేసే ఎన్‌సీఎంఈసీ సంస్థ వాళ్ల టేక్ ఇట్ డౌన్ ఉంది. ఇంకా బయటికి రాలేదు, పెడతానని బెదిరిస్తున్నాడు అన్నప్పుడు కూడా వాడొచ్చు, ఇది చాలామందికి తెలియదు. టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగేదాన్ని, ఈ జాబితాలో చేరని సైట్లని ఇది ఆపలేదు.

ఓరుగల్లు_సుక్క
ఫొటో జర కత్తిరించి మళ్ల పెడితే దొరుకుతదా?

హ్యాష్‌గుట్ట
కొంచెం మారితే దొరుకుతుంది. ఫొటోలకి వాడే పీడీక్యూ అనే రకం హ్యాష్ 256 బిట్ల (0 లేదా 1 అంకెల) ముద్ర, సైజు తగ్గించినా నాణ్యత తగ్గినా కొన్ని బిట్లే మారతాయి. మామూలుగా 31 బిట్ల లోపు తేడా ఉంటే ఒకటే ఫొటో అని తీసుకుంటారు. సగం కత్తిరించినా, పక్కకి తిప్పినా, పెద్ద ఫిల్టర్ వేసినా ఆ గీత దాటిపోతుంది. అలాంటి కాపీ కనిపిస్తే దానికి విడిగా ఇంకో హ్యాష్ ఇవ్వాలి.

నల్లకోటు
కోర్టుకి ఇచ్చే హ్యాష్ వేరు, రెంటినీ కలపొద్దు. భారతీయ సాక్ష్య అధినియం 63 కింద, డిజిటల్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌లో ఎస్‌హెచ్ఏ-256 అనే ఇంకో రకం హ్యాష్ లాంటి విలువ రాస్తారు. అందులో ఫైలు ఒక్క బిట్ మారినా విలువ మొత్తం మారిపోతుంది. ఫైలు పేరు మార్చితే ఫరవాలేదు. వాట్సాప్‌లో ఒకసారి పంపి దించుకుంటే మాత్రం అది కొత్త ఫైలే. అందుకే మొదట వచ్చిన ఫోనూ, అందులోని అసలు ఫైలూ కదపకుండా ఉంచమని చెప్పండి.

కృష్ణాతీరం
ఈ నాలుగు పోస్టులు అచ్చుతీసి పంచుతాం. ఏడు ముక్కల జాబితా పక్కన లత గారి నాలుగు ప్రశ్నలు పెడతాను. వెన్నెలపేట గారూ, రెండోవైపు గారూ, కెమెరా ఎక్కడ నిలబడిందన్న వాదన మీ ఇద్దరి మాటల్లోనే పెట్టొచ్చా?

రెండోవైపు
పెట్టండి.

వెన్నెలపేట
పెట్టండి, మొదటి పేజీ గురించి నేనన్న వాక్యం తీసేయకుండా.